బెల్టు తెగింది మీ డ్రైవింగ్ వల్ల కాదు. హెడ్ దించే ముందు మాత్రం ఆగండి

ఉప్పల్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీలుంది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆమె తండ్రి రిటైరైన లెక్కల మాస్టారు. 2009లో శాంత్రో జింగ్ కారు కొన్నారు. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చేయించి, 2029 దాకా రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నారు. కంటి ఆపరేషన్ తర్వాత తాను నడపడం మానేసి, ఆర్నెల్ల క్రితం తాళాలు కూతురి చేతిలో పెట్టారు. మీటరు మీద ఇప్పుడు 94 వేల కిలోమీటర్లు.

పోయిన నెల అమ్మను ఫిజియోథెరపీకి తార్నాక తీసుకెళ్తుంటే, హబ్సిగూడ దాటేలోపు ముందు నుంచి ‘టప్’మని ఒక చిన్న చప్పుడు వచ్చి ఇంజిన్ ఆగిపోయింది. వెనక హారన్ల మోత. కంగారులో సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టారు. “రోజూ వినే చప్పుడు కాదండీ, ఖాళీ మిక్సీ తిప్పినట్టు గిర్రున తిరిగింది” అని రాశారు. నలుగురు కుర్రాళ్లు వచ్చి సెకండ్ గేర్‌లో నెట్టి చూశారు, స్టార్ట్ కాలేదు. చివరికి టోచన్ కట్టి నాన్నగారి పాత మెకానిక్ షెడ్డుకు చేర్చారు.

అక్కడి నుంచి అసలు గొడవ. టైమింగ్ బెల్ట్ తెగింది, వాల్వ్‌లు (గాలి, పొగ వెళ్లే దారులను తెరిచి మూసే మూతలు) వంగాయి, హెడ్ (ఇంజిన్ పై భాగం) దించి పన్నెండూ మార్చాలి, 38 వేలవుతుందని మెకానిక్ అన్నాడు. ఆఫీసులో తెలిసినవాళ్ల గ్యారేజీ, వంగినవి మాత్రం మార్చి 22 వేలలో చేసిస్తామంది. భర్త స్నేహితుడు ఆటోనగర్ నుంచి సెకండ్ హ్యాండ్ ఇంజిన్ తెచ్చి 30 వేలలో బిగించేద్దామంటున్నాడు. భర్త అయితే అమ్మేద్దామంటున్నారు. డీలర్ ఉన్నదున్నట్టుగా 20 వేలు, నడిచే బండైతే 55 వేలు అన్నాడట. తండ్రిగారు బండిని ఇంకో షెడ్డుకు కదలనివ్వరు. పైగా “ఇన్నేళ్లు నా చేతిలో ఏమీ కాలేదు” అని ఒక్క మాట అని, అప్పటి నుంచి కూతురితో సరిగ్గా మాట్లాడటం లేదు.

ఇంకో ముడి కూడా ఉంది. గ్లవ్ బాక్సులో రెండేళ్ల నాటి బిల్లు దొరికింది. 88 వేల కిలోమీటర్ల దగ్గర ‘టైమింగ్ బెల్ట్’ మార్చినట్టు అందులో ఉంది. దాని కింద ‘టెన్ష’ అని ఏదో రాసి పెన్నుతో కొట్టేశారు. రెండేళ్లకే తెగిందంటే అసలు మార్చకుండానే డబ్బు తీసుకున్నాడేమోనని ఆమె అనుమానం. ఆ మాట పైకంటే తండ్రి తట్టుకోలేరని భయం. ఆ మెకానిక్‌తో ఆయన స్నేహం స్కూటర్ రోజుల నాటిది. “తప్పు నాదా, అంకుల్‌దా? ఈ నాలుగింటిలో ఏది చేయాలి?” అని అడుగుతూ, తెగిన బెల్టు ఫొటోలు పంపారు.

అమ్మా,

ముందు మొదటి ప్రశ్న తేల్చేద్దాం, అది మీ నిద్ర పాడుచేస్తున్నట్టుంది. మీరు క్లచ్ ఎలా వదిలినా, గేర్ ఎంత మొరటుగా వేసినా టైమింగ్ బెల్ట్ తెగదు. ఆ బెల్టుకు గేర్‌బాక్సుతో నేరుగా సంబంధం లేదు. కింద పిస్టన్లతో పాటు తిరిగే క్రాంక్ షాఫ్ట్‌కి, పైన హెడ్‌లో తిరుగుతూ వాల్వ్‌లను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌కి అది లంకె. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి, అంతే దాని ఉద్యోగం. ఇంజిన్ 3,000 ఆర్‌పీఎంలో ఉందంటే ఒక్కో వాల్వ్ సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటోందన్న మాట. వాల్వ్ కిందికి దిగే చోటికే పిస్టన్ పైకి వస్తుంది. ఒకటి తప్పుకున్నాకే ఇంకొకటి రావాలి. ఆ వరస తప్పకుండా చూసే బెల్టు తెగితే క్యామ్ ఉన్నచోట ఆగిపోతుంది. పిస్టన్లు మాత్రం బండి వేగానికి ఇంకా పైకీ కిందికీ ఆడుతూనే ఉంటాయి. తెరుచుకుని ఉండిపోయిన వాల్వ్‌లను కొట్టేస్తాయి.

మరి అన్నిసార్లు సెల్ఫ్ కొట్టడం, గేర్‌లో నెట్టించడం? చేయకుండా ఉంటే మంచిదే. ఇది చదివే మిగతావాళ్లు గుర్తుపెట్టుకోవాలి: నడుస్తున్న ఇంజిన్ తాళం తీసినట్టు ఆగిపోయి, సెల్ఫ్ కొడితే ఎప్పటికన్నా తేలిగ్గా, అడ్డూ ఆపూ లేకుండా తిరిగితే మళ్లీ కొట్టొద్దు, నెట్టొద్దు. ఇంజిన్‌కు పెట్రోల్ అందించే పంపు పోయినా, సెన్సర్ పోయినా ఇంజిన్ ఆగుతుంది గానీ సెల్ఫ్ చప్పుడు మాత్రం మామూలుగా, ఆగి ఆగి బరువుగానే వస్తుంది. గిర్రున తిరిగిందంటే సిలిండర్లలో కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి, లేదని అర్థం. అయితే మీ విషయంలో దానివల్ల పెద్ద తేడా వచ్చి ఉండదు. క్యామ్ కదలనంత సేపూ తెరుచుకుని ఉన్నవి అవే వాల్వ్‌లు. ఇంజిన్ ఆగేలోపే దెబ్బ తగిలేసింది, తర్వాత మీరు కొట్టిన సెల్ఫ్‌లు మళ్లీ వాటినే తాకాయి. వంగింది ఇంకాస్త వంగి ఉండొచ్చు, అంతకు మించి కాదు.

ఈ సంగతి మీకు ఇంకోరకంగా కూడా పనికొస్తుంది. క్యామ్ ఏ స్థితిలో ఆగినా అన్ని వాల్వ్‌లూ ఒకేసారి తెరుచుకుని ఉండవు. మీ ఇంజిన్‌లో సిలిండర్‌కు మూడు చొప్పున పన్నెండు వాల్వ్‌లు. పన్నెండూ వంగడం అరుదు. కాబట్టి హెడ్ దించకుండానే “పన్నెండూ పోయాయి” అన్న మాట నమ్మక్కర్లేదు. అలాగే దించకుండానే “వంగినవి నాలుగే” అన్న మాటా నమ్మక్కర్లేదు. 38కీ 22కీ తేడా ఎక్కడొచ్చిందంటే, ఇద్దరూ చూడకుండానే చెప్పారు. ఒకాయన భయంతో ఎక్కువ చెప్పాడు, ఇంకొకాయన బండి తన షెడ్డుకు రావాలని తక్కువ చెప్పాడు.

ఇప్పుడు ఫొటోల సంగతి. మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చింది అవే. బెల్టు ఒక అంచు నూలు పోగుల్లా చీరుకుపోయి ఉంది, రెండో అంచు బాగానే ఉంది. వెనక వైపు, అంటే పళ్లు లేని వైపు, కాలినట్టు నల్లగా నున్నగా మెరుస్తోంది. తెగిన చోట వేలెడు పొడవున పళ్లు లేచిపోయాయి. మిగతా చోట్ల పళ్ల మొదట్లో నేను ఎంత పెద్దది చేసి చూసినా పగుళ్లు కనబడలేదు.

ముసలిదైపోయిన బెల్టు ఇలా ఉండదు. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి మగ్గిన రబ్బరు గట్టిపడి, వెనక్కి వంచితే వీపంతా సన్నని పగుళ్లు తేలుతుంది. ఆయిల్ సీల్ కారి తెగిన బెల్టయితే ఉబ్బి, మెత్తగా, జిడ్డుగా ఉంటుంది. హెడ్‌లో ఆయిల్ అందక క్యామ్‌షాఫ్టే పట్టేస్తే, బెల్టంతా బాగుండి ఒక్కచోట పళ్లు మాత్రం నున్నగా గీకేసినట్టు పోతాయి. మీది వేరే రకం. ఒక అంచు చీరుకుపోవడం, వీపు కాలడం, ఈ రెండూ కలిస్తే నా కన్ను నేరుగా టెన్షనర్ మీదికే పోతుంది. బెల్టును బిగువుగా పట్టి ఉంచే చిన్న చక్రం అది, బెల్టు వీపును ఆనుకుని తిరుగుతుంది. దాని లోపలి బేరింగ్ పట్టేస్తే చక్రం ఆగిపోతుంది, బెల్టు దాని మీద రాసుకుంటూ పోతుంది. బేరింగ్ వదులై చక్రం పక్కకు ఒరిగితే బెల్టు ఒక అంచుకు జరిగి కవర్‌కు ఒరుసుకుంటుంది.

కాబట్టి నా అంచనా ఇది: మెకానిక్ బెల్టు మార్చాడు. టెన్షనర్ మార్చలేదు. బిల్లులో కొట్టేసిన ఆ ‘టెన్ష’ అదే. ఫొటో చూసి చెబుతున్న మాట కాబట్టి ఒకసారి రూఢి చేసుకోండి. షెడ్డుకు వెళ్లినప్పుడు ఆ పాత టెన్షనర్ చేతిలోకి తీసుకుని వేలితో తిప్పి చూడండి. గరగరలాడినా, అటూ ఇటూ ఊగినా, అసలు తిరగకపోయినా ఇంక అనుమానం అక్కర్లేదు. దాంతోపాటే క్యామ్ పుల్లీని స్పానర్‌తో ఒకింత కదిపి చూడమనండి. స్ప్రింగుల బలానికి కాస్త మొరాయించినా కదలాలి. కదలకపోతే నేను చెప్పిందంతా పక్కన పెట్టి ముందు క్యామ్ సంగతి చూడాలి. పట్టేసిన క్యామ్ మీద కొత్త బెల్టు వేస్తే అది కూడా తెగుతుంది.

బెల్టు మార్చేటప్పుడు టెన్షనర్ కూడా మార్చడం అసలైన పద్ధతి. కవర్లు విప్పిన లేబర్ ఎలాగూ ఇస్తున్నాం, సామాను ఖరీదు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. కానీ మన దగ్గర షెడ్డుల్లో జరిగేది వేరు. మెకానిక్ కాగితం మీద నాలుగు సామాన్లు రాస్తాడు, యజమాని “ఇది బాగానే తిరుగుతోంది కదా, ఇప్పుడెందుకు” అంటాడు, మెకానిక్ కొట్టేస్తాడు. గోటితో పోయేది గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. ఆ లైను ఎవరు కొట్టేయించారో మీకు తెలియదు, నాకూ తెలియదు. అయితే ఆ రోజు షెడ్డులో ఉన్నది ఇద్దరే. మెకానిక్, మీ నాన్నగారు. నెల రోజులుగా మీతో మాట్లాడకుండా ఉన్న మనిషి మనసులో మీ డ్రైవింగే మెదులుతోందని నేననుకోను.

అందుకే ఆ బిల్లు పట్టుకెళ్లి ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పెట్టొద్దు. ముందు మెకానిక్‌ని, నాన్నగారు లేనప్పుడు, ఒక్క మాట అడగండి: “అంకుల్, ఆ రోజు టెన్షనర్ రాసి ఎందుకు కొట్టేశారు?” దొంగతనం బయటపడ్డవాడిలా తడబడితే మీ అనుమానం నిజం కావచ్చు. “సార్ వద్దన్నారమ్మా” అంటే మీకు రెండు సంగతులు తెలిసినట్టు: ఆయన మిమ్మల్ని మోసం చేయలేదు, ఇన్నాళ్లూ మీ నాన్నగారి మీద మాట పడనివ్వలేదు. నేనే మార్చడం మరిచిపోయానంటే మాత్రం లేబర్ తగ్గించమని గట్టిగా అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఎన్నేళ్ల స్నేహమైనా చేసిన పని చేసినట్టే ఉండాలి.

ఇక బండి. ఏ దారి పట్టినా హెడ్ దించే ముందు చిన్న పరీక్ష ఒకటి చేయించండి. దీనికయ్యేది కొత్త బెల్టు, టెన్షనర్, ఒక పూట లేబర్. అవి ఎలాగూ పడాల్సిన సామాన్లే కాబట్టి వృథా పోవు. గుర్తుల ప్రకారం టైమింగ్ కలిపి, స్పార్క్ ప్లగ్గులు తీసి, క్రాంక్‌ని చేత్తో స్పానర్ పెట్టి మెల్లగా రెండు చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపేయాలి. తగలకపోతే నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ గేజ్ పెట్టి చూడాలి. ఈ రకం పెట్రోల్ ఇంజిన్‌లో బాగున్న సిలిండర్ 150 పీఎస్ఐకి పైనే చూపిస్తుంది. వాల్వ్ వంగిన సిలిండర్‌లో ముల్లు లేవనే లేవదు, లేచినా సగం కూడా రాదు. ఏ సిలిండర్ పోయిందో కాగితం మీద రాయించుకోండి.

గేజ్‌తో పాటు ఆ సిలిండర్‌లోకి గాలి ఎక్కించి చెవి పెడితే ఇంకా తెలుస్తుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి బుస్సుమంటే లోపలికి గాలి తీసుకునే వాల్వ్, సైలెన్సర్‌లోంచి వస్తే పొగ వదిలే వాల్వ్. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి దూర్చే చిన్న కెమెరాలు ఇప్పుడు చాలా షెడ్డుల్లో ఉన్నాయి. దాంతో పిస్టన్ నెత్తి చూడొచ్చు. వాల్వ్ తగిలిన చోట నెలవంక ఆకారంలో గీత పడి ఉంటుంది. గీత మాత్రమే అయితే ఫర్వాలేదు. పగులో చిల్లో కనిపిస్తే హెడ్‌తో పని అవదు, కింద బ్లాక్ (పిస్టన్లు ఆడే ఇంజిన్ దిమ్మ) కూడా విప్పాలి. అప్పుడు నేను కింద చెప్పే లెక్కలన్నీ మారిపోతాయి.

ఒక్క జాగ్రత్త. బెల్టు లేనప్పుడు క్యామ్‌ను ఇష్టమొచ్చినట్టు చుట్టు తిప్పితే, పిస్టన్ పైనున్న సిలిండర్‌లో బాగున్న వాల్వ్ కూడా వెళ్లి తగులుతుంది. తెలిసిన మెకానిక్ ముందు క్రాంక్‌ని పావు చుట్టు వెనక్కి తిప్పి, పిస్టన్లన్నీ మధ్యకు దించి, ఆ తర్వాతే క్యామ్‌ను గుర్తుకు తెస్తాడు. ఇది మీరు చేయాల్సిన పని కాదు, పక్కన నిలబడి చూడండి చాలు. అలా చేశాడంటే పని తెలిసిన మనిషే. స్కూటర్ రోజుల నుంచి ఉన్నవాడు కాబట్టి చేస్తాడనే అనుకుంటున్నాను.

పరీక్షలో హెడ్ దించక తప్పదని తేలితే, 38 వేలా 22 వేలా అన్న బేరం వదిలేసి, ఏమేం మారుస్తారో రాసిమ్మని ఇద్దరినీ అడగండి. వంగిన వాల్వ్‌లు మాత్రమే మార్చడం తప్పేమీ కాదు, మిగతావాటిని లేత్ షాపులో తిప్పి నిటారుగా ఉన్నాయని చూపిస్తే. తక్కువ రేటు పనిలో సాధారణంగా ఎగ్గొట్టేది ఇదే. కొత్త వాల్వ్ వేసి, దాని గైడు (వాల్వ్ కాడ ఆడే గొట్టం) పగిలిందా, వాల్వ్ తన సీటులో (అది ఆనుకునే అంచులో) సరిగ్గా కూర్చుంటోందా చూడరు. రెండు నెలల్లో తెల్లారి స్టార్ట్ చేయగానే నీలం పొగ, ఆయిల్ తాగడం మొదలవుతుంది. మళ్లీ హెడ్ దించాలంటే మళ్లీ గాస్కెట్ (హెడ్ కింద వేసే పలచని పొర), మళ్లీ లేబర్. కాబట్టి వాల్వ్ సీల్స్ పన్నెండూ కొత్తవి, గైడ్ల పరీక్ష, సీట్లకు గ్రైండింగ్, హెడ్ వంకర చూసి అవసరమైతేనే ఫేసింగ్ (అరగదీసి చదును చేయడం), హెడ్ గాస్కెట్, క్యామ్, క్రాంక్ ఆయిల్ సీల్స్, బెల్టు, టెన్షనర్, కూలెంట్, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్, ఇవన్నీ ఉన్న కాగితమే అసలు కొటేషన్. హెడ్ బిగించే ముందు వాల్వ్‌లు మూసి, ఇన్‌టేక్ రంధ్రాల్లో కాస్త పెట్రోల్ పోసి చూపించమనండి. పాత పద్ధతే గానీ నమ్మకమైనది. అవతలి వైపు తడి రాకూడదు. ఇలా రాసిస్తే రెండు షెడ్డుల లెక్కలూ 30 వేలకు కాస్త అటూ ఇటూ దగ్గరికొస్తాయని నా అంచనా. సామాన్లు మీరే రాణిగంజ్ వెళ్లి కొంటానంటే కొనండి, కానీ బిల్లుతో కొనండి. ఒరిజినల్ దొరికే బజారులోనే డూప్లికేటూ దొరుకుతుంది. టైమింగ్ బెల్టులో రెండొందలు మిగుల్చుకోవడానికి ఆశపడకండి.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ నాకు నచ్చలేదు. పిస్టన్ పగిలి ఉంటే తప్ప దాని జోలికి పోవద్దంటాను. ఇంజిన్ నంబరు మీ ఆర్‌సీ మీద ఉంటుంది. ఇంజిన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌టీఏకి తెలిపి ఆర్‌సీలో మార్పించుకోవాలి. రేపు ఏదైనా ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ వాళ్లు నంబరు చూస్తే చిక్కు, అమ్మబోయినా చిక్కే. ఆ ఇంజిన్ ఏ బండిదో, అది దొంగబండి కాదని ఎవరు రాసిస్తారో తెలియాలి. అన్నిటికన్నా వింత ఏమిటంటే, దాని లోపల ఉన్న టైమింగ్ బెల్టు ఎప్పటిదో ఎవరికీ తెలియదు. “ఒక్క రోజులో అయిపోతుంది” అన్నవాళ్లు ఈ కాగితాల పని సంగతి చెప్పరు.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. అరిగి తెగిన సామాన్లకు మామూలు పాలసీలో డబ్బు రాదు. రోడ్ సైడ్ అసిస్టెన్స్ తీసుకుని ఉంటే టోయింగ్ ఖర్చు వరకు అడగొచ్చు.

మీ వారి మాట కూడా కొట్టిపారేసేది కాదు. లెక్క చూడండి. ఇప్పుడు అమ్మితే 20 వేలు, బాగుచేశాక అమ్మితే 55 వేలు. మధ్యలో పెట్టేది 30, 35 వేలు. అంటే బాగుచేసి అమ్మడంలో మిగిలేది ఏమీ లేదు. అమ్మాలనుకుంటే ఇలాగే అమ్మేయండి. ఉంచుకోవాలనుకుంటేనే బాగుచేయించండి. అమ్మగారి ఫిజియోథెరపీ వారానికి రెండుసార్లు అని రాశారు. క్యాబ్‌కు రానూపోనూ నాలుగొందలు అనుకున్నా నెలకు 3,200 పైన. పది నెలల్లో రిపేరు ఖర్చంత అవుతుంది. డాక్టరు ఇంకో రెండు నెలల్లో ఫిజియో ఆపేస్తానంటే మాత్రం ఈ లెక్క నిలవదు. మీ ఆఫీసుకు బండి అవసరమే లేదు. ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక అన్నీ ఒకే మెట్రో లైను మీద ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఇంటి నుంచి స్టేషన్ దాకా ఎలా వెళ్తారన్నదే ప్రశ్న.

అమ్మేట్టయితే వీధిలో ఇనుప సామాన్లవాడికి ఇచ్చేయకండి. ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరునే ఉంటుంది, ఆ బండి ఎవరి చేతిలో ఏం చేసినా కాగితం ఆయన దగ్గరికే వస్తుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే బండి అప్పగించినట్టు సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. దాంతో ఆర్‌సీ రద్దు చేయించుకోవచ్చు, కొత్త బండి కొన్నప్పుడు కొంత రాయితీకి పనికొస్తుంది. డీలర్‌కు ఇస్తే పేరు మార్పు అయ్యేదాకా వెంటపడండి.

నా వరకైతే, బ్లాక్ బాగుండి, తుప్పు పెద్దగా లేకపోతే, 94 వేలు తిరిగిన ఆ ఇంజిన్‌కు హెడ్ పని చేయించుకుని 2029 దాకా వాడుకోవడమే తెలివైన పని. మీ ఇంట్లో డబ్బు ఇరుకుగా ఉంటే ఇప్పుడే అమ్మేయడం కూడా తెలివితక్కువేమీ కాదు. ఎటూ తేల్చకుండా ఇంకో మూడు నెలలు షెడ్డు ముందు ఎండలో వదిలేస్తే మాత్రం బ్యాటరీ, టైర్లు, బ్రేకులు ఒక్కోటీ దిగజారి, డీలర్ చెప్పిన 20 వేలు కూడా రావు.

ఇతర పాఠకుల కోసం ఒక మాట. మారుతి 800, ఓమ్ని, జెన్, ఎస్టీమ్, పాత ఇండికా డీజిల్, ఐ10లో 1.1 ఇంజిన్, డస్టర్ 1.5 డీజిల్, ఇవన్నీ బెల్టు బండ్లే. ఐ10 1.2 పెట్రోల్, స్విఫ్ట్ డీజిల్ చైన్ బండ్లు, అంటే బెల్టు చేసే పని వాటిలో ఇనుప గొలుసు చేస్తుంది. చైన్ అంటే జన్మకు చూడక్కర్లేదని కాదు. ఆయిల్ వేళకు మార్చకపోతే అదీ సాగి, పొద్దున్నే స్టార్ట్ చేయగానే గలగలమంటుంది. సెకండ్ హ్యాండ్ బెల్టు బండి కొంటే, మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి.

మళ్లీ మీ దగ్గరికి. హెడ్ దించే రోజు నాన్నగారిని షెడ్డుకు తీసుకెళ్లండి, వాహనం నేను చూసుకుంటానని చెప్పి. “మీరు దగ్గరుండి చూసుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది” అనండి, అది నిజమే కదా. వంగిన వాల్వ్, పట్టేసిన టెన్షనర్ పక్కపక్కన పెడితే లెక్కల మాస్టారికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన ఆ లైను గురించి తానే ఎత్తితే వినండి. ఎత్తకపోతే వదిలేయండి. కానీ డ్రైవింగ్ మాట మళ్లీ వస్తే మాత్రం ఊరుకోకండి. “బెల్టు డ్రైవింగ్ వల్ల తెగదు నాన్నా, అంకుల్‌నే అడగండి” అని అక్కడే, మెకానిక్ ముందే అనేయండి.

పని పూర్తయ్యాక బిల్లు మీద తేదీ, కిలోమీటర్లు, బెల్టు కంపెనీ, టెన్షనర్ పేరు విడివిడిగా రాయించుకోండి. పాత సామాన్లు అడిగి ఇంటికి తెచ్చుకోండి. బెల్టు కవర్ మీద మార్కర్‌తో తర్వాతి నంబరు వేయమనండి. ఆ కాలపు చిన్న పెట్రోల్ ఇంజిన్లకు 50 వేల కిలోమీటర్లు లేదా నాలుగేళ్లు అనుకుంటే నిశ్చింత. అంటే మీకు 1,44,000 దగ్గర, లేదా నాలుగేళ్లకు, ఏది ముందొస్తే అప్పుడు. ఈసారి టెన్షనర్‌తో సహా.